పూణె మొగుడు

నాచారంలో మేం కేకులు కాల్పించుకునే బేకరీకి ఒక పద్ధతి ఉంది. మైదా, చక్కెర, వెన్న, గుడ్లు, నానబెట్టిన పళ్ల ముక్కలు అన్నీ మనమే పట్టుకెళ్లాలి. వాళ్లు కలిపి, రేకు ట్రేలలో పోసి, భట్టీలో పెట్టి ఇస్తారు. డిసెంబరు వచ్చిందంటే చాలు, ఉప్పల్, చిల్కానగర్, లాలాపేట్ నుంచి చర్చికెళ్లే ఆడవాళ్లంతా సంచులు మోసుకుంటూ అక్కడికి చేరతారు. సామాను అప్పగించి ఇంటికి పోయే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. మన వెన్న పక్కావిడ కేకులోకి పోతుందని అందరికీ అనుమానం. అందుకని బయట ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, లోపల పిండి కలిపే మిషను వైపు ఒక కన్ను పడేసి కూర్చుంటారు. ఆదివారం ఆదివారం క్షమాపణ గురించి ప్రసంగం వినేవాళ్లమే అందరం. గుడ్ల దగ్గరికొచ్చేసరికి ఎవరినీ నమ్మం.

మేం నలుగురం. పదేళ్లుగా ఒకే చర్చి, ఒకే వరస బెంచీ, క్రిస్మస్‌కు ఒకే రోజు ఒకే భట్టీ. మాలో పెద్దామెను అందరం అక్క అంటాం. నాచారంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, చిల్కానగర్‌లో మా వెనక వీధి. రెండో ఆమె ఉప్పల్‌లో ఓ ప్రైవేటు బడిలో టీచరు. మూడో ఆమె లాలాపేట్‌లో బ్యూటీ పార్లరు నడుపుతుంది. కాకినాడ వైపు నుంచి వచ్చి పదిహేనేళ్లయినా మాటలో ఆ సాగదీత పోలేదు. నన్ను వదినా అని పిలుస్తుంది. నాలుగో దాన్ని నేను. ఉప్పల్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రిపోర్టులిచ్చే కౌంటరు దగ్గర కూర్చుంటాను. కవరులో ఏముందో నాకు ముందే తెలుసు. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషికి నా మొహంలో ఏమీ దొరకదు. "డాక్టరుకు చూపించుకోండి" అంటాను, అంతే. ఆ మొహం ఇంట్లో కూడా పనికొస్తుందని పోయిన ఏడాదే తెలిసింది.

ఈస్టర్ అయిన రెండో వారంలో మా ఆయన బట్టలు సర్దుకున్నాడు. ఏసీలు బిగించే కంపెనీలో ఆయన పని. పొద్దున్నే చాయ్ తాగుతూ, అంబర్‌పేట్‌లో ఒకామెతో ఉంటున్నానని, ఇక ఇక్కడికి రానని చెప్పాడు. చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్లాడు. పదిహేడేళ్ల కాపురంలో ఆయన గ్లాసు కడగడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ ఆదివారం చర్చి గేటు దగ్గర అక్క అడిగింది, మీ ఆయన ఏడి అని. కంపెనీ వాళ్లు పూణె పంపించారని అన్నాను. ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. అంతకు రెండేళ్ల ముందు ఆయన నిజంగానే పది రోజులు పూణెలో పని మీద ఉండి వచ్చాడు, అది నోటికి దగ్గరగా ఉండి బయటికొచ్చింది. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను, ఎవరడిగినా డాడీ పూణెలో ఉన్నాడని చెప్పమని. దానికప్పుడు పదో తరగతి పరీక్షలు అయిపోయి సెలవులు. సరే అంది. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం నాకు అప్పుడు మంచి గుణంగా కనిపించింది.

ఒక అబద్ధం చెప్పి ఊరుకుంటే సరిపోతుందనుకున్నాను. కాదు, దానికి రోజూ తిండి పెట్టాలి. ఆదివారం వస్తే ముగ్గురూ వరసగా అడిగేవాళ్లు. ఏం తింటున్నాడు, ఎక్కడుంటున్నాడు, ఎప్పుడొస్తాడు. నేను చెప్పేదాన్ని. రూములో వరంగల్ అతను ఒకడు తోడున్నాడని. వంటమనిషి పప్పులో బెల్లం వేస్తుందని. కిటికీలోంచి గుట్ట కనిపిస్తుందని, అక్కడ వాన మొదలైతే పది రోజులు ఆగదని. చెబుతూ చెబుతూ ఆ పూణె మొగుడు నాకే నచ్చడం మొదలైంది. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. నా బీపీ ఎంతుందని అడిగేవాడు. తాగుడు మానేశాడు. నా పక్కన పదిహేడేళ్లు పడుకున్న మనిషి కంటే వాడు చాలా నయం. ఈ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

క్రిస్మస్ దగ్గరికొచ్చేసరికి నా పని కష్టమైంది. మా చర్చిలో పండుగ రోజు ఆరాధన అయ్యాక కుటుంబాలను పేరుపేరునా ముందుకు పిలుస్తారు. భర్త, భార్య, పిల్లలు వరసగా మోకరిస్తే పాస్టరయ్య తలల మీద చేయి పెట్టి ప్రార్థన చేస్తాడు. మూడు వందల మంది చూస్తుంటారు. అక్కడ నేనూ మా అమ్మాయీ ఇద్దరమే మోకరించాలి. కారణం ముందే జనంలోకి పోయి ఉంటే ఎవరూ వింతగా చూడరు. అందుకని పూణె కంపెనీ వాళ్లు పండుగకు సెలవు ఇవ్వలేదని చెప్పాలని నిర్ణయించుకున్నాను. కారణంతో సహా మా అమ్మాయికి ముందే చెప్పి ఉంచాను. ఎవరికి చెప్పాలో కూడా ఆలోచన అక్కర్లేదు. ఈ ముగ్గురికి చెబితే చర్చి మైకులో చెప్పినట్టే.

ఆ శనివారం పొద్దున పదకొండుకు మా నలుగురి సామానూ ఒకేసారి తీసుకున్నారు. నాలుగిళ్ల ట్రేలూ ఒకే వాయిలో భట్టీలోకి పోతాయి, నాలుగూ ఒకేసారి బయటికొస్తాయి. మాకు ఎప్పుడూ అదే ఏర్పాటు. రోడ్డు మీద లారీలు, ఆటోలు, పక్కన స్టార్లూ సీరియల్ లైట్లూ అమ్మే బండి. మేం వరసగా కుర్చీల్లో కూర్చున్నాం. పార్లరావిడ గోళ్లకు ఎర్ర రంగు, దాని మీద తెల్ల చుక్కలు పెట్టుకుని వచ్చింది, క్రిస్మస్ తాత టోపీ అట. నలభై దాటిన మనిషి. చూడగానే నాకు ఒళ్లు మండింది.

నేను అసలు సంగతి ఎత్తాను. ఆయనకు సెలవు దొరకలేదని, ముంబై నుంచి పెద్ద సార్లు వస్తున్నారట, పండుగ రోజే ఏసీలన్నీ నడిచి తీరాలట అని. ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడని కూడా అన్నాను. అది అప్పటికప్పుడు అతికించింది, బాగా కుదిరింది. పార్లరావిడ అయ్యో అంటూ చేయి గుండెల మీద పెట్టుకుంది. పూణెలో తెలుగు చర్చి ఉంటుందా అని అడిగింది. ఉంది, రూముకు దగ్గరేనన్నాను. కంపెనీలు అంతేనని, మనుషుల్ని మనుషుల్లా చూడవని టీచరు అంది. అక్క మాత్రం సంచిలోంచి పల్లీలు తీసి అందరికీ పంచింది. నా చేతిలో ఒక గుప్పెడు ఎక్కువ పోసింది.

పని అయిపోయిందని కుర్చీలో వెనక్కి వాలాను. ఇక ఆదివారానికల్లా చర్చి మొత్తానికి తెలిసిపోతుంది. చాలా రోజుల తర్వాత ఊపిరి తీసుకోవడం తేలికైంది.

అప్పుడు టీచరు ఆట ఎత్తింది. వాళ్ల బళ్లో పిల్లలతో ఆడించే ఆట అది. ఫోన్‌కు లింకు పంపుతుంది, నొక్కి లోపలికి పోవాలి. తెర మీద ఒక మాట వస్తుంది. అది చూడగానే మనసులో మొదట తట్టిన మాటను పది సెకన్లలో కొట్టాలి. టైమ్ అయ్యాక అందరి జవాబులూ పేర్లతో సహా అందరి ఫోన్లలో కనిపిస్తాయి. మన మాట ఇంకొకరి మాటతో కలిస్తే పాయింట్లు, ఎంతమందితో కలిస్తే అన్ని ఎక్కువ. ఎవరితోనూ కలవకపోతే సున్నా. ఆదివారం సాయంత్రం ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని కూడా ఈ ఆట ఆడతారు వాళ్లు ముగ్గురూ. నన్ను పిలిస్తే తలనొప్పి అని తప్పించుకునేదాన్ని. ఆ రోజు తప్పించుకునే చోటు లేదు.

నాకు ఆ ఆట పడదు. మనసులో మొదట వచ్చిన మాటను బయటికి పంపే అలవాటు నాకు లేదు. మొదటిది మింగి రెండోది చెబుతాను. ఆ ఏడాది మూడోది కూడా చెబుతున్నాను. 'చలి' అని వచ్చింది. వాళ్లు ముగ్గురూ స్వెటర్ అని కొట్టారు, నేను కుంపటి అన్నాను. 'ఉప్పల్' అని వచ్చింది. వాళ్లు ముగ్గురూ ట్రాఫిక్, నేను క్రికెట్. 'అత్త' అని వస్తే టీచరూ పార్లరావిడా ఒకే తిట్టు కొట్టి, కుర్చీల్లోంచి పడిపోయేంత నవ్వారు. ఒంటి వేలితో కొట్టే అక్కకు కూడా నాకంటే ఎక్కువ పాయింట్లు వచ్చాయి. ఒక్కోసారి నా పేరు పక్కన సున్నా పడుతుంటే పార్లరావిడ నా తొడ మీద చరిచి ఓదార్చేది. ఆ గోళ్లతో.

ఎనిమిదో మాటో తొమ్మిదో మాటో. తెర మీద 'అబద్ధం' అని వచ్చింది.

ఆ పది సెకన్లు నాకు బాగా గుర్తు. నా బుర్రలో మొదట వచ్చిన మాట పూణె. దాన్ని మింగాను. రాజకీయం అని కొట్టాను. తల ఎత్తి ముగ్గురినీ చూశాను. టీచరూ పార్లరావిడా తలలు వంచి గబగబా కొడుతున్నారు. అక్క ఒంటి వేలితోనే అందరికంటే ముందు కొట్టేసి నవ్వుతోంది. టైమ్ అయిపోయింది. ముగ్గురి ఫోన్లూ ఒకేసారి చప్పట్లు కొట్టాయి. నా ఫోన్‌లో పైనుంచి కిందికి నాలుగు పేర్లు కనిపించాయి. టీచరు పేరు పక్కన పూణె. పార్లరావిడ పేరు పక్కన పూణె. అక్క పేరు పక్కన పూణె. అన్నిటికంటే కింద నా పేరు, రాజకీయం, సున్నా.

పార్లరావిడ నవ్వింది. నవ్వు సగంలో ఉండగా నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చింది. ఆ సగం నవ్వు మూతి మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

వాళ్లు చేసిన తప్పు అదే. ప్రతి ఆదివారం నేను లేకుండా ముగ్గురే ఆడుకునే అలవాటులో, ఆ రోజు నాలుగో మనిషి ఉందన్న సంగతి మరచిపోయారు. ఆలోచించడానికి ఒక్క నిమిషం దొరికి ఉంటే ఎవరూ ఆ మాట కొట్టేవాళ్లు కాదు. ఆట పది సెకన్లే ఇచ్చింది.

నా తల కొట్టేసినట్టయింది. అయినా నా మొహం కౌంటరు దగ్గరి మొహమే. పూణె అని ఎందుకు కొట్టారని మామూలుగానే అడిగాను. టీచరు, చెయ్యి జారిందంది. ముగ్గురి చేతులూ ఒకే ఊళ్లోకి జారాయా అన్నాను. పార్లరావిడ ఏదో సినిమా సంగతి మొదలుపెట్టి, అది ఎక్కడికి పోవాలో తెలియక ఆపేసింది. వాళ్ల అబద్ధాలు ఎంత నాసిగా ఉన్నాయంటే, ఆ కోపంలో కూడా నాకు జాలేసింది. ఎనిమిది నెలలు నేను ఎంత శుభ్రంగా నడిపాను! వీళ్లకు అర నిమిషం కూడా చేతకాలేదు.

అక్క ఫోన్ ఒళ్లో బోర్లించింది.

"ఇగ దాసుడెందుకు. మాకు ఎరుకనే. అంబర్‌పేట్‌ల ఉంటుండని వానాకాలం కెళ్లి ఎరుక" అంది.

వానాకాలం నుంచి. నేను లెక్కపెట్టుకున్నాను. అంటే వంటమనిషి, బెల్లం పప్పు, వరంగల్ అతను, అన్నీ తెలిసే విన్నారు. విని ఊరుకోలేదు, ఇంకా అడిగారు. మీ ఆయనకు జ్వరం తగ్గిందా అని పార్లరావిడ ఆగస్టులో అడిగింది. ఆ జ్వరం నేనే తెప్పించాను, ఒక ఆదివారం చెప్పడానికి ఏమీ దొరక్క. ఆ జ్వరం కోసం ప్రార్థన చేస్తానంది కూడా. లేని జ్వరమని తెలిసి ప్రార్థన చేసింది.

లేచి నిలబడ్డాను. నా సంచి భుజానికి వేసుకున్నాను. రోడ్డు దాటి ఆటో ఎక్కి, ఈ ముగ్గురి మొహాలూ మళ్లీ చూడకూడదనుకున్నాను. అప్పుడే లోపలి నుంచి బేకరీ అతను కేకేశాడు, మా వాయి భట్టీలోకి పోయిందని, ముప్పావు గంట పడుతుందని. నా ట్రేలు వాళ్ల ట్రేల పక్కన లోపల ఉన్నాయి. వదిలేసి పోతే నా కేకు ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు మోసుకొచ్చి నా ఇంటి గుమ్మంలో నిలబడతారు, జాలి మొహంతో. మళ్లీ కూర్చున్నాను. అదే కుర్చీలో, అదే వరసలో.

ఫోన్లలో ఆట నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలని టీచరుకు తోచలేదు. మాట తర్వాత మాట వస్తోంది, ఎవరూ కొట్టడం లేదు. 'తాళం' అని వచ్చింది, పోయింది. 'వాన' అని వచ్చింది, పోయింది. ప్రతిసారీ నాలుగు సున్నాలు.

ఊరుకుంటే నేను నేనెలా అవుతాను. మొదలుపెట్టాను. గొంతు పెంచలేదు, పక్క కుర్చీలవాళ్లు వింటారని. మెల్లగా, ఒక్కొక్కరికీ విడివిడిగా అందించాను. టీచరుతో అన్నాను, పిల్లలకు నీతి పాఠాలు చెప్పి జీతం తీసుకునేది, ఆదివారం సాయంత్రాలు నా మొగుడి మీద నవ్వుకుంటూ గడుపుతోందని. పార్లరావిడతో అన్నాను, నెలనెలా నా కనుబొమ్మలు తీరుస్తూ, దారం నోట్లో పట్టుకుని, పూణెలో చలి ఎక్కువా అని అడిగినప్పుడు నువ్వు నవ్వు ఎలా ఆపుకున్నావని. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు నాకు చాలా హాయినిచ్చింది. అబద్ధమెందుకు చెప్పాలి.

టీచరు, తాము నవ్వలేదంది.

"నవ్వకుంటే గంత జల్ది ఎట్ల వచ్చింది నోటికి?" అన్నాను. "ముగ్గురికి ఒక్క తీరుగ ఎట్ల వచ్చింది?"

పార్లరావిడ ముక్కు చీదుకుంటూ చెప్పేసింది. ఎవరైనా ఆలస్యంగా వచ్చి సాకులు చెబితే, పూణె నుంచి వస్తున్నావా అనుకోవడం వాళ్లకు అలవాటైందట. మొదట ఒకసారి అనుకున్నారట, తర్వాత నోటికి పట్టేసిందట. చెడ్డ ఉద్దేశం లేదంది. చెడ్డ ఉద్దేశం లేకుండా నా బతుకును ఊతపదం చేసుకున్నారన్నమాట.

మరి ఎవరు చెప్పారని అడిగాను. మా ఆయనను చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, చర్చిలో ఇంకెంతమందికి తెలుసు, ఆ అంబర్‌పేట్ ఆమె వచ్చి చెప్పిందా. ఎంత తవ్వినా మాట్లాడరు. మాటిచ్చాం వదినా, చెప్పకూడదు అంది పార్లరావిడ. ఆ మాట నన్ను ఇంకా మండించింది. నా గుట్టు చెప్పిన మనిషి పేరు దాచడానికి మాత్రం వీళ్లకు నీతి ఉంది. పండుగ రోజు అందరి ముందు మోకరించేటప్పుడు ఆ మనిషి ఎవరో తెలియకుండా కళ్లెలా మూసుకోవాలి? కనపడ్డ ప్రతివాళ్లనీ అనుమానించాలా? నేను వదల్లేదు. నోటికొచ్చిన పేరల్లా చెప్పాను. పాస్టరమ్మగారా అన్నాను. మా పక్కింటామెనా అన్నాను. ఎవరైతేనేం, ఆ నోరు కుళ్లిపోవాలని, ఈ పండుగ వాళ్లింట్లో జరగకూడదని శాపనార్థాలు పెట్టాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. ఫ్యాక్టరీలో కుట్టీ కుట్టీ గట్టిపడ్డ చేయి. నొప్పి పుట్టింది.

"ఇగ సాలు. నోరు మూయి. నీ బిడ్డ చెప్పింది."

తర్వాత అక్క మెల్లగా చెప్పుకుంటూ పోయింది, నేను విన్నాను. జూలైలో ఒక సాయంత్రం మా అమ్మాయి కాలేజీ డ్రెస్సు చేతులు సరిచేయించుకోవడానికి వాళ్లింటికి వెళ్లిందట. వాన పడుతోందట. కుట్టడం అయిపోయినా లేవలేదట. అన్నం పెడితే తిన్నదట. తింటూ తింటూ ఏడ్చిందట. డాడీ అంబర్‌పేట్‌లో ఉన్నాడని, తను ఒకసారి కాలేజీ నుంచి బస్సెక్కి అక్కడిదాకా వెళ్లి, వీధి చివర నిలబడి చూసి వచ్చిందని చెప్పిందట. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నా కూతురు అంబర్‌పేట్ వీధి చివర పుస్తకాల సంచితో ఒక్కతే నిలబడిందని నాకు తెలియదు.

"మా మమ్మీకి చెప్పకు పెద్దమ్మా, నీకు ఎరుకైనట్టు తెల్వనియ్యకు, తట్టుకోదు అన్నది" అంది అక్క. "పూణె ముచ్చట తీస్తే మంచిగ వినమన్నది. అడగమన్నది. చెప్పేటప్పుడు మమ్మీ జర ఖుషీగ ఉంటదన్నది. బైబిల్ మీద నా చెయ్యి పెట్టించుకున్నది."

ఊరుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి, దొరికిన మొదటి మాటనే పట్టుకున్నాను. నా బిడ్డ నీకొక్కదానికి చెబితే వీళ్లిద్దరికీ ఎవరు చెప్పారని అడిగాను. అక్క చేయి వదిలేసింది. రోడ్డు వైపు చూస్తూ, మనసులో ఆగలేదంది. ఆ ఒక్క జవాబూ నిజమే. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగినా నేను క్షమించేదాన్ని కాదు. ఈ రోజుకీ క్షమించలేదు. పక్క పక్కనే కూర్చుంటాం, వందనాలు చెప్పుకుంటాం, అంతే.

కేకులు వచ్చాయి. ఎవరి ట్రేలు వాళ్లం చూసుకున్నాం. నాది ఒక మూల కొద్దిగా మాడింది. ఇంకో రోజైతే బేకరీ అతనితో పెద్ద గొడవ పెట్టుకునేదాన్ని. ఆ రోజు తువ్వాలు కప్పి ఎత్తుకుని, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కాను. దారంతా ట్రేల వేడి ఒళ్లో తగులుతూనే ఉంది. హబ్సిగూడ మీదుగా వచ్చామో చిల్కానగర్ లోపలి నుంచి వచ్చామో గుర్తులేదు. ఇంటికెళ్లాక మా అమ్మాయిని ఏమనాలో ఆలోచిస్తున్నాను. మొదట కోపమే వచ్చింది, ఎందుకు చెప్పావని రెండు తగిలించాలనిపించింది. తర్వాత ఆ వీధి చివర గుర్తొచ్చింది. దగ్గరికి తీసుకోవాలనుకున్నాను. నువ్వు పెద్దమ్మకు చెప్పి మంచి పని చేశావు, ఇక ఎవరికీ ఏ ఊరి పేరూ చెప్పక్కర్లేదు, పండుగ రోజు మనిద్దరమే వెళ్లి మోకరిద్దాం అని చెప్పాలనుకున్నాను. మాటలు వరసగా పేర్చుకున్నాను కూడా.

ఇంట్లో అది కుర్చీ ఎక్కి కిటికీకి స్టార్ కడుతోంది. వైరు నోట్లో పట్టుకుని ఉంది. కిందికి దిగి నా చేతిలోంచి ట్రేలు అందుకుంది. తువ్వాలు తీసి వాసన చూసి, బాగా వచ్చిందంది. మాడిన మూల గురించి ఏమీ అనలేదు. డాడీకి సెలవు దొరకలేదనే కదా ఆంటీ వాళ్లకు చెప్పావు మమ్మీ, ముంబై సార్లు వస్తున్నారని కూడా చెప్పావా, నేను ఆదివారం క్వయర్‌లో అలాగే చెబుతాను అంది. ఇద్దరి కథల్లో తేడా రాకూడదు కదా.

నేను పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు.

"అక్కర్లేదు. వాళ్లకు ఎరుకనే. వానాకాలం కెళ్లి ఎరుకట" అన్నాను.

దాని చేతులు ట్రే మీద ఆగాయి. ఒక్క క్షణం. తర్వాత తల ఎత్తి సూటిగా నా కళ్లలోకి చూసింది. మొహంలో ఏమీ లేదు. భయం లేదు, ఏడుపు లేదు. రిపోర్టు కవరు అందించేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో అద్దంలో నేను ఎప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు చూశాను.

"నేనైతే ఎవ్వరికి చెప్పలే మమ్మీ" అంది.

ఎంత బాగా చెప్పిందంటే, అక్క నోటితో విని ఉండకపోతే నేను నమ్మేదాన్ని.

సరేలే అన్నాను, నమ్మినట్టు. అది మళ్లీ కుర్చీ ఎక్కింది. నేను కింద నిలబడి కుర్చీ పట్టుకున్నాను.